ముప్పై రోజులుగా జవాబు లేదు

మెట్ల కింద పాత కంప్యూటరు మిషను ఆ ఎండాకాలం మొదట్లోనే మూలగడం మొదలుపెట్టింది. ముందు ఫ్యాను అనుకున్నాం. అన్నయ్య దాన్ని పక్కకి పడుకోబెట్టి, మూత తీసి, పెయింటు బ్రష్షుతో దుమ్మంతా దులిపాడు. రెండు రోజులు ఊరుకుని మళ్ళీ అందుకుంది. ఎవరైనా దాన్ని ఏదైనా అడిగితే చాలు, లోపల్నుంచి కిర్రుమని ఒక చప్పుడు. మా వదిన అటుగా వెళ్ళినప్పుడల్లా "పాపం, దానికి ఎవరైనా ఓ గ్లాసు మంచినీళ్ళివ్వండి" అనేది.

నాకు ఆ మిషనంటే మొదట్నుంచీ ఒళ్ళుమంట. బకెట్లూ చీపుళ్ళూ పెట్టుకోవాల్సిన చోట తిష్ఠ వేసుకుని కూర్చుంది. పోనీ అందులో ఉన్నదేమైనా బంగారమా అంటే, లోకంలో వాళ్ళ ఫిర్యాదులు.

వదినకి చిన్నప్పటినుంచీ చక్కెర జబ్బు. ఇన్సులిన్ పొడుచుకోకపోతే రోజు గడవని రకం. అందులో చక్కెర పెరగడం కన్నా పడిపోవడం భయం. నిద్రలో పడిపోతే మనిషికి తెలియదు, మనం లేపినా లేవదు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ కాస్త కునుకు తీస్తే చాలు, అన్నయ్య పావుగంటకోసారి వెళ్ళి నుదురు తడిమి వచ్చేవాడు, చెమట పట్టిందేమోనని. తర్వాత జబ్బకి అంటించుకునే బిళ్ళ వచ్చింది. అది ఐదు నిమిషాలకోసారి చక్కెర ఎంతుందో ఫోనుకి చెబుతుంది. ఆ చెప్పినదాన్ని చూసి, నంబరు డెబ్భైకి దిగితే ఇల్లెగిరిపోయేలా అరిచే యాప్ ఒకటి అన్నయ్య స్వయంగా రాశాడు. రాసి ఊరుకోలేదు. ఎవరైనా వాడుకోండి, ఎవరైనా బాగుచెయ్యండి అని లోపలి రాతంతా లోకానికి తెరిచిపెట్టాడు. ఐదేళ్ళు తిరిగేసరికి నాలుగు వేల మంది దాన్ని నమ్ముకుని నిద్రపోతున్నారు. ఓ నలభై మంది, ఒక్కొక్కరు ఒక్కో దేశంలో, తలా ఓ చెయ్యి వేసి బాగుచేస్తున్నారు. ఎవరికీ జీతం లేదు, ఎవరి మొహం ఎవరూ నేరుగా చూసింది లేదు.

ఎవరికి ఏది పనిచెయ్యకపోయినా రాసేది మెట్ల కింది మిషనుకే. కంప్యూటరు వాళ్ళు దాన్ని ఇష్యూ ట్రాకర్ అంటారు, మా ఇంట్లో ఫిర్యాదుల పుస్తకం. ఒక్కో ఫిర్యాదుకి ఒక నంబరు, దాని కింద మాటకి మాట, బాగయితే మూత. వచ్చినవాటిని చదివి, ఏది ముందు ఏది వెనక అని వేరుచేసే పని నాది. పగలు ఒక ఆఫీసు రికార్డు గదిలో పాత ఫైళ్ళు సర్దుతాను, సాయంత్రం ఇంటికొచ్చి వీటిని సర్దుతాను. సర్దడం నా జబ్బు. అన్నయ్య నన్ను చీపురు అని పిలుస్తాడు. ఆ పేరు బృందమంతా పాకి, ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా "చీపురుగారూ" అని రాసేవారు.

ఓ సోమవారం మిషను పూర్తిగా ఆగిపోయింది. పదహారు గంటలు. అన్నయ్య దాన్ని బతికించేటప్పటికి బృందంలో గొడవ లేచింది, ఇక దీన్ని నమ్ముకోలేం, ఏదో ఒక కొత్త చోటు చూసుకోవాల్సిందేనని.

భోజనాల బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని మాట్లాడుకున్నాం. తెర మీద పన్నెండు మొహాలు. నడిపించింది లైబ్రరీ ఆవిడ. ఎక్కడో ఒక లైబ్రరీలో పనిచేస్తుంది, ఎవరి గొంతు లేచినా కళ్ళద్దాల పైనుంచి ఓ చూపు చూస్తుంది, అంతే, నోళ్ళు పడిపోతాయి. ముందున్న దారులు రెండు. ఒకటి, ఒక పెద్ద కంపెనీవాళ్ళ చోటు. ఊరికే ఇస్తారు, శుభ్రంగా ఉంటుంది, పాడయితే వాళ్ళే చూసుకుంటారు. కాకపోతే రాయాలంటే ఎవరికి వాళ్ళు అక్కడ ఖాతా తెరవాలి. రెండోది, మనలాంటివాళ్ళే రాసి పంచిపెట్టిన ట్రాకరు. వేరే మిషను అద్దెకి తీసుకుని, మనమే ఎక్కించుకుని, మనమే కాపలా కాయాలి. అన్నయ్యకి ఇదే కావాలి.

"నేను బండి దిగాక నాకుండేది గంట టైము," అన్నాడు రైలు డ్రైవరు. అలారం మోగే భాగం చూసేది అతనే. "ఆ గంటలో యాప్ బాగుచెయ్యనా, ట్రాకరుకి నట్లు బిగించనా?"

"మరి ఖాతా తెరవలేనివాళ్ళ సంగతేంటి?" అన్నాడు అన్నయ్య. "మనకి మెయిలు రాసి ఫిర్యాదు చేసేవాళ్ళున్నారు. పెద్దవాళ్ళు. వాళ్ళకి మెయిలు తప్ప ఇంకోటి చేతకాదు. ఆ కంపెనీ వాళ్ళు మెయిలు తీసుకోరు."

"ఎంతమందుంటారు?" అన్నాను నేను.

"ఓ పది పదిహేను మంది."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "పదిహేను మంది కోసం నలభై మంది చావాలా?"

బల్లకి అటువైపు వదిన లెన్సుల డబ్బాలు తుడుచుకుంటోంది. కళ్ళద్దాల షాపులో పని ఆవిడది, మిగిలిన పని ఇంటికి తెచ్చుకుంటుంది. తలెత్తి నా వంక ఓసారి చూసి మళ్ళీ డబ్బాల్లో పడింది.

లైబ్రరీ ఆవిడ వారం గడువిచ్చి ఓట్లు లెక్కపెట్టింది. కంపెనీ చోటుకి ఇరవై మూడు, అన్నయ్య చోటుకి పద్నాలుగు. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద నిలవలేదు. అన్నయ్య మొహం మాడ్చుకుని రెండు షరతులు పెట్టాడు. పాత మిషను ఇంకో నాలుగు నెలలు ఆపకూడదు. పాత చిరునామాకి వచ్చే మెయిళ్ళు కొత్త చోటుకి వెళ్ళే ఏర్పాటు చెయ్యాలి.

"చేస్తాలే మహానుభావా," అన్నాను.

చేశాను కూడా. ఆ ఏర్పాటు పెట్టి, నా మెయిలు నుంచి నేనే ఒక ఉత్తరం పంపి చూశాను. రెండు నిమిషాల్లో కొత్త చోట ప్రత్యక్షమైంది. నా చిట్టాలో అదే ఆఖరి పని. టిక్కు పెట్టి, వదినతో కలిసి ఐస్‌క్రీం తినడానికి వెళ్ళాను. ఆవిడ రెండు చెంచాలు తిని, ఫోనులో నంబరు చూసుకుని, మిగతాది నా గిన్నెలో వేసింది.

తర్వాత మూడు వారాలు నా పండగ. కొత్త చోటుకి మోసుకొచ్చిన పదకొండు వందల నలభై ఫిర్యాదులు, ఐదేళ్ళ చెత్త. ఒకటే గోడు పదిమంది రాసినవి, ఎప్పుడో బాగైపోయినవి, ఏం చెప్పదల్చుకున్నారో రాసినవాళ్ళకే తెలియనివి. ఒక్కోటీ విప్పడం, చూడడం, పక్కన పెట్టడం. అర్థం కానివాటి కింద ఒకటే మాట అంటించాను. "దయచేసి మీ యాప్ వెర్షను నంబరు, తెర ఫోటో పంపండి." వాటికి కాపలాగా ఒక బాట్‌ని పెట్టాను. బాట్ అంటే మనిషి లేకుండా తనంతట తానే పనిచేసుకుపోయే చిన్న ప్రోగ్రాము. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే అదే ఫిర్యాదు మూసేసి, రాసినాయనకి కబురు పంపుతుంది. ఆ కబురు నేనే రాశాను. "ముప్పై రోజులుగా మీ దగ్గర్నుంచి జవాబు లేదు కాబట్టి ఈ ఫిర్యాదును మూసేస్తున్నాం. మా యాప్ వాడుతున్నందుకు ధన్యవాదాలు." చివర ఒక నవ్వు మొహం కూడా పెట్టాను.

ఎనిమిది వందల పద్నాలుగో నంబరు అలా అంటించినవాటిలోదే. మెయిలులో వచ్చింది. చదివి నవ్వాపుకోలేక వదినకి వినిపించాను.

"అయ్యా, నేను గడియారాలు బాగుచేసేవాణ్ణి. నా భార్య మీ యాప్ వాడుతుంది. ఆమె ఫోనులో టైము కొంచెం ముందుకి పరిగెడుతుంది. మా దగ్గర సిగ్నలు సరిగా ఉండదు కాబట్టి ప్రతి ఆదివారం నేనే చేత్తో వెనక్కి సరిచేస్తాను. సరిచేసిన తర్వాత పదకొండు నిమిషాలు మీ యాప్‌లో నంబరు కదలడం లేదు. మూడు ఆదివారాలు చూశాను. పరిశీలించ ప్రార్థన."

"పదకొండు నిమిషాలట వదినా! బిళ్ళ చెప్పేదే ఐదు నిమిషాలకోసారి. రెండు నంబర్లు తప్పాయని ఈయనకి బెంగ."

"నవ్వకే," అంది వదిన. "మూడు ఆదివారాలు భార్య ఫోను ముందు గడియారం పట్టుకుని కూర్చున్నాడంటే, ఆవిడంటే ఎంత ప్రాణమో."

"ఉంటే ఉంది. వెర్షను నంబరేది? ఫోటో ఏది?"

అంటించేసి తర్వాతదానికి వెళ్ళిపోయాను.

ముప్పై రోజులు గడిచేసరికి బాట్ తన పని మొదలుపెట్టింది. పొద్దున లేచి చూస్తే పాతిక మూతపడి ఉండేవి, మర్నాడు ఇంకో నలభై. పదకొండు వందల నలభై కాస్తా రెండు వందల పన్నెండుకి దిగాయి. రైలు డ్రైవరు "చీపురుగారూ, ఇన్నాళ్ళకి నేల కనిపించింది" అని రాశాడు. లైబ్రరీ ఆవిడ అందరి ముందూ నాకు కృతజ్ఞతలు చెప్పింది. నేను ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్తే సిగ్గుచేటు.

మెట్ల కింద మాత్రం పాత మిషను కిర్రుమంటూనే ఉంది. ఎవరూ దాన్ని ఏమీ అడగడం లేదు కదా, ఇంకా దేనికి చప్పుడని నాకు విసుగు. ముఖ్యంగా ఆదివారాలు, భోజనాలయ్యాక, ఓసారి కిర్రుమని ఊరుకునేది.

"అన్నయ్యా, చచ్చిపోయిన మిషను ఇంకా గొణుక్కుంటుందేంట్రా?"

"నాలుగు నెలలన్నాను. ఉండనీ," అన్నాడు వాడు. "మెయిళ్ళ సంగతి చూశావుగా?"

"ఎన్నిసార్లు అడుగుతావు? చూశానన్నానా!"

ఆ ఆదివారం కూడా భోజనాలయ్యాక నాకు సర్దుడు పూనింది. యాప్ కొత్త వెర్షను వచ్చిందని వదిన ఫోను తీసుకుని ఎక్కించాను. ఫోనులో టైము చూస్తే గంట ముందుంది. ఆవిడకి ఎప్పుడూ షాపుకి ఆలస్యమే, అందుకని ఫోను టైము కావాలనే ముందుకి తిప్పి పెట్టుకుంటుంది. మొదట్లో పది నిమిషాలు ఉండేది, అలవాటు పడిపోయి మోసపోవడం మానేసిందని పెంచుకుంటూ పోయి గంట చేసింది.

"నిన్ను నువ్వు మోసం చేసుకోవడానికి గంటా! సిగ్గు లేదూ? ఇక ముందు అందరిలాగే టైముకి బయల్దేరు," అని గంట వెనక్కి తిప్పాను.

"రేపు షాపుకి ఆలస్యమైతే ఓనరు తిట్లు నువ్వొచ్చి తిను," అని ఆవలిస్తూ వెళ్ళి ముందుగదిలో దివాను మీద పడుకుంది. అన్నం ముందు ఇన్సులిన్ పొడుచుకుంది గానీ, ఎండకి తిండి సయించక సగం వదిలేసింది. అది నేను చూశాను. యాప్ ఉందిగా అనుకున్నాను. అన్నయ్య మిషనుకి కొత్త ఫ్యాను కొనుక్కొస్తానని బజారుకి వెళ్ళాడు.

నేను పక్కగదిలో కంప్యూటరు ముందు కూర్చున్నాను. నా తెరకి ఓ మూల వదిన నంబరు ఎప్పుడూ కనిపిస్తూ ఉంటుంది. నూట పద్దెనిమిది. ఓ పది ఫిర్యాదులు చూసి మళ్ళీ అటు చూశాను, నూట పద్దెనిమిది. ఎంత నిలకడగా ఉందో, తిండి సగం మానేసినా ఏం కాలేదని సంతోషించాను. ఇంకోసారి చూశాను. నూట పద్దెనిమిది.

ముందుగదిలో దివాను కిర్రుకిర్రుమంది. ఎండకి అటూ ఇటూ దొర్లుతోందనుకుని, ఫ్యాను పెంచుకో వదినా అని ఇక్కడినుంచే అరిచాను. పలకలేదు. నిద్రపోయిందనుకున్నాను.

అన్నయ్య వచ్చి తలుపు తీశాడు. చేతిలో ఫ్యాను డబ్బా కింద పడ్డ చప్పుడు విన్నాను. తర్వాత వాడు నన్ను చీపురు అనలేదు, ఎన్నో ఏళ్ళుగా పిలవని నా అసలు పేరు పెట్టి అరిచాడు.

వదిన జుట్టు, జాకెట్టు, దిండు, అన్నీ నీళ్ళలో ముంచి తీసినట్టున్నాయి. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. దవడ బిగుసుకుపోయింది. నిజం చెప్పాలంటే, నేను అప్పుడు కూడా ఆవిడ ఫోను వంక చూశాను. నూట పద్దెనిమిది అని ఉంది. "చక్కెర బాగానే ఉందిరా, ఇంకేదో అయింది!" అన్నాను. వాడు నా మాట చెవిన పెట్టలేదు. ఫ్రిజ్ తలుపులో ఎప్పుడూ ఉంచే, చక్కెర పెంచే అత్యవసర ఇంజెక్షను తీసి తొడకి గుచ్చేశాడు. వేలు పొడిచి విడిగా చూశాడు. ఇరవై తొమ్మిది.

అంబులెన్సు ఎక్కాక, వీధి మలుపు తిరుగుతుండగా, నా సంచీలో వదిన ఫోను ఇల్లెగిరిపోయేలా అరవడం మొదలుపెట్టింది. ఎలా ఆపాలో తెలియక రెండు చేతులతో నొక్కి పట్టుకున్నాను. అన్నయ్య ఆ ఫోను వంకే చూస్తూ ఉండిపోయాడు.

"ఇప్పుడెందుకు మోగింది?" అన్నాడు.

వదిన బతికింది. మూడో రోజు ఇంటికొచ్చింది. నడుస్తుంది, నవ్వుతుంది, షాపుకి వెళ్తానంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్కోసారి మాట దొరక్క ఆగిపోతుంది. చెంచా చేతిలో పట్టుకుని "ఇది... ఇది ఇవ్వు" అంటుంది. డాక్టరు, కొన్నాళ్ళకి సర్దుకోవచ్చు అన్నాడు. సర్దుకుంటుంది అనలేదు, సర్దుకోవచ్చు అన్నాడు.

ఆసుపత్రి వరండాలోనే అన్నయ్యకి సగం తెలిసిపోయింది. "భోజనం తర్వాత ఈ ఫోనుకి ఏం చేశావు?" అని అడిగాడు. వెర్షను ఎక్కించానన్నాను. ఇంకేం చేశావన్నాడు. టైము సరిచేశానన్నాను. ఎంత? గంట. ఎప్పుడు? చెప్పాను. వాడు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. ఫోను అరిచింది సరిగ్గా గంటకి.

"టైము వెనక్కి తిప్పితే," అన్నాడు మెల్లగా, "కొత్తగా వచ్చే నంబర్లన్నీ పాతవనుకుని పారేస్తోంది. తిప్పినంతసేపూ. ఆఖరున మంచిగా ఉన్న నంబరునే చూపిస్తూ కూర్చుంటుంది." నా వైపు తిరిగాడు. "దీని గురించి ఎవరో రాశారని మీ వదిన అంది కదూ? గడియారాలాయనెవరో?"

ఫోనులో వెతికాను. ఎనిమిది వందల పద్నాలుగు. మూసివేయబడినది. కింద నా కబురు, చివర నా నవ్వు మొహం.

"ఆయన జవాబివ్వలేదురా," అన్నాను. "వివరాలు అడిగాం. ముప్పై రోజులు చూశాం."

అన్నయ్య వదిన గది వైపు వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

వదిన ఇంటికొచ్చిన రోజు మధ్యాహ్నం, ఆవిడ పడుకుని, అన్నయ్య పక్కన కుర్చీ వేసుకుని వేలు పొడిచే మిషనుతో కాపలా కూర్చున్నాక, నేను మెట్ల కిందికి వెళ్ళాను. నేల మీద చతికిలబడి పాత మిషనుకి తెర తగిలించాను. మెయిళ్ళ ఏర్పాటు మళ్ళీ చూశాను. నేను పెట్టినట్టే ఉంది, చక్కగా ఉంది. కొత్త చోటుకి అన్నిటినీ పంపుతూనే ఉంది. కానీ అక్కడ ఖాతా ఉన్నవాళ్ళవే ఆ కంపెనీవాళ్ళు లోపలికి తీసుకున్నారు. మన మాటలు ఖాతా లేనివాళ్ళకీ మెయిలులో వెళ్ళేవి, వాళ్ళు రాసినవి మాత్రం వెనక్కి కొట్టారు. నేను పరీక్షగా పంపింది నా ఉత్తరం. నాకు ఖాతా ఉంది. వెనక్కొచ్చినవన్నీ పాత మిషనులో ఒక మూల పేరుకున్నాయి. ఒక్కోటి వచ్చి పడినప్పుడల్లా అది కిర్రుమనేది.

నూట ఆరు ఉన్నాయి. అందులో తొమ్మిది గడియారాలాయనవి.

మొదటిది నేను వివరాలు అడిగిన మర్నాడే వచ్చింది. "వెర్షను మూడు పాయింట్ ఒకటి. తెర ఫోటో తియ్యడం నాకు తెలియదు, మన్నించాలి. నంబర్లు కాగితం మీద రాసి పెట్టాను, కింద ఇస్తున్నాను." నాలుగు ఆదివారాల టైములు, సెకన్లతో సహా. తర్వాతవి వారానికొకటి, ఆదివారం మధ్యాహ్నం. "ఈ వారం కూడా పదకొండు నిమిషాలే." "వివరాలు అందాయా?" "మీకు తీరిక లేకపోవచ్చు, తొందరేమీ లేదు." ఆరోది నా బాట్ కబురు అందిన రోజుది. ఒకటే వాక్యం. "అయ్యా, నేను జవాబిస్తూనే ఉన్నాను." ఏడోదీ అదే మాట, ఇంకాస్త మర్యాదగా.

ఎనిమిదోది ఇలా ఉంది. "ఈ ఆదివారం కరెంటు పోయి ఫోను ఆగిపోయింది. మళ్ళీ పెట్టేటప్పటికి టైము మూడు గంటలు ముందుంది. సరిచేసి, ఒక బడిలో గోడ గడియారం బాగుచెయ్యడానికి వెళ్ళాను. ఎప్పుడూ పదకొండు నిమిషాలే తిప్పేవాణ్ణి కాబట్టి ఆగేది పదకొండు నిమిషాలే అనుకున్నాను. తిప్పినంతసేపూ ఆగుతుందని నాకు తెలియదు. నేను వచ్చేసరికి నా భార్య పోయింది. ఫోనులో నూట పన్నెండు అని ఉంది. ఈ సంగతి మిగతావాళ్ళకి తెలియజెయ్యండి."

తేదీ చూశాను. నేను వదిన ఫోను టైము తిప్పడానికి రెండు వారాల ముందు.

తొమ్మిదోదానికి ఒక ఫోటో జత చేసి ఉంది. బల్ల మీద ఫోను, తెర మీద నూట పన్నెండు. పక్కనే మూత తీసిన చేతిగడియారం, సరైన టైముతో. "మీరు అడిగిన తెర ఫోటో. ఆ రోజు ఫోను చూడగానే తియ్యాలని తోచి, పక్కింటివాళ్ళని పిలిచి తీయించాను. ఎలా పంపాలో ఇప్పుడు నేర్చుకున్నాను. ఇంకేమైనా వివరాలు కావాలంటే అడగండి."

ఆ ఫోటో మూయకుండా అక్కడే కూర్చున్నాను. గోడ పట్టుకుంటూ వదిన వచ్చి నా పక్కన నిలబడింది. తెర మీదున్నది అంతా మెల్లగా, పెదవులు కదుపుతూ చదివింది. ఇప్పుడు ఆవిడ చదవడం అలాగే.

"ఆయనకి జవాబు రాశావా?"

"ఏం రాయను వదినా?"

మాట కోసం వెతుక్కుంది. నేను అందించబోతే చెయ్యి అడ్డం పెట్టింది. దొరికేదాకా ఆగింది.

"నేను బతికానని మాత్రం రాయకు," అంది.

రాశాను. మీరు తొమ్మిది సార్లు జవాబిచ్చారు, నేను చదవలేదు, తప్పు ఎక్కడ జరిగిందంటే ఇక్కడ, చేసింది నేను, అని రాశాను. కొత్త చోటు నుంచి రాయలేదు, ఆయన రాసిన పాత చిరునామా నుంచే పంపాను. మిషను కిర్రుమంది.

యాప్ బాగుచెయ్యడానికి అన్నయ్యకి నలభై నిమిషాలు పట్టింది. రెండు వాక్యాలు మార్చాడు. నాలుగు వేల మందికీ కబురు వెళ్ళింది. ఎనిమిది వందల పద్నాలుగుని మళ్ళీ తెరిచి, బాట్‌ని నేనే తీసేశాను. మిగిలిన తొంభై ఏడు ఉత్తరాలు రోజుకి కొన్ని చొప్పున చదువుతున్నాను. ఒక్కోటి విప్పే ముందు దాని కింద తేదీ చూస్తాను, ఆ మనిషి తర్వాత మళ్ళీ రాశాడా లేదా అని వెతుకుతాను. కొందరు రాశారు. పది పదిహేను మందే అనుకున్నాం, ఇప్పటికి తేలినవాళ్ళలోనే ముప్పై ఒక్కమంది రాయలేదు.

నాలుగు నెలలు దాటాయి గానీ ఆ మిషను ఆపుదామని మా ఇంట్లో ఎవరూ అనడం లేదు. అన్నయ్య దానికి కొత్త ఫ్యాను బిగించాడు, మూలుగు తగ్గింది. వదిన ఫోను మళ్ళీ గంట ముందుకి తిప్పుకుంది. నేను ఆ ఫోను ముట్టుకోను. ఆవిడ మధ్యాహ్నం పడుకుంటే మా ఇద్దరిలో ఒకరం పక్కన కూర్చుంటాం, పావుగంటకోసారి నుదురు తడుముతాం. యాప్ ఉంది. అయినా కూర్చుంటాం.

మొన్న రైలు డ్రైవరు అడిగాడు. "చీపురుగారూ, ఎనిమిది వందల పద్నాలుగు బాగైంది కదా, ఇంకా తెరిచే ఉంది. మూసెయ్యనా?"

వద్దన్నాను. ఫిర్యాదు చేసినాయన ఇంకా చూసుకోలేదు అని రాశాను.

నేను ఆయనకి రాసి ఇవాళ్టికి నలభై ఆరు రోజులు. ఆయన దగ్గర్నుంచి జవాబు లేదు. ఆదివారం భోజనాలయ్యాక మిషను కిర్రుమంటే చేతిలో కంచం అలాగే వదిలేసి మెట్ల కిందికి వెళ్ళి చూస్తాను.